రథసప్తమి పరమాన్నం: బెల్లం వేయగానే పాలు విరిగిపోతున్నాయి, ఏం చేయాలి?

శ్రీకాకుళం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. పెళ్లయ్యాక పుణె వచ్చి ఎనిమిదేళ్లయింది. మా ఇంట్లో రథసప్తమి అంటే సంక్రాంతి కన్నా పెద్ద పండగ. తెల్లారకముందే జిల్లేడాకులు, రేగుపళ్లు తలమీద పెట్టుకుని స్నానం. తర్వాత తులసికోట ముందు పిడకల మీద పాలు పొంగించి, ఆ పాలల్లోనే కొత్త బియ్యం, కొత్త బెల్లం వేసి పరమాన్నం. చెరకు ముక్కతో కలిపేది మా అమ్మ. చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం కట్టడం నా పని. చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపించాకే మాకు. అరసవల్లి దర్శనానికి వచ్చిన చుట్టాలు కూడా మా ఇంట్లో ఆ పరమాన్నం తినే బస్సెక్కేవారు.

ఇక్కడ మా ఫ్లాట్ బాల్కనీ తూర్పు వైపే ఉంది. పిడకలు కూడా దొరుకుతాయి, గోవరి అంటారు. మట్టి కుంపటి కొన్నాను. అన్నీ కుదిరాయి కానీ పరమాన్నమే కుదరడం లేదు.

2024లో ఉడుకుతున్న పాలల్లోనే బెల్లం కొట్టి వేశాను. రెండు నిమిషాల్లో నీళ్లు వేరు, ముక్కలు వేరు. అది నా తప్పేనని తెలుసుకుని, పోయినేడు ఫిబ్రవరి 4న దించాకే వేశాను. మొదట బాగానే ఉంది. ఐదు నిమిషాలకి గిన్నె అంచుల దగ్గర నీరు తేలింది. విరిగిన పాలు దేవుడికి పెట్టకూడదంది అమ్మ ఫోన్‌లో. అరటిపండు, బెల్లం ముక్క పెట్టి దండం పెట్టుకున్నాను. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఈసారి జనవరి 25, ఆదివారం. మా ఆయన ఆఫీసు వాళ్లు, పక్క ఫ్లాట్ మరాఠీ కుటుంబం కలిపి పధ్నాలుగు మంది భోజనానికి వస్తున్నారు. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. పంచదార వేసెయ్యమని మాత్రం చెప్పకండి. నాకు బెల్లం పరమాన్నమే కావాలి.

అనకాపల్లి పిన్ని:

అమ్మా, ముందు బెల్లం సంగతి చెప్పు. ఎక్కడ కొన్నావు, ఎన్నాళ్లది? మా ఊరికి బెల్లమే పేరు తెచ్చింది, చిన్నప్పటినుంచీ దిమ్మల మధ్యే పెరిగాను. బెల్లంలో ఎంతో కొంత పులుపు ఉంటుంది. పాతబడి, చెమ్మ పట్టి, చేతికి జిగురు అంటుతోందంటే ఆ పులుపు ఇంకా పెరిగినట్టే. వేడి పాలకి ఆ కాస్త చాలు. కొనేముందు చిన్న పలుకు నాలుక మీద పెట్టుకుని చూడు. తీపి వెనక పులుపో ఉప్పదనమో తగిలితే అది పప్పులోకో పులుసులోకో వాడుకో, పాలదగ్గరికి రానివ్వకు. రంగు చూసి మోసపోవద్దు. తెల్లగా మెరిసేదంతా మంచిది కాదు, నల్లగా ఉన్నంత మాత్రాన చెడ్డదీ కాదు. రథసప్తమి నాటికి కొత్త బెల్లం వచ్చేసి ఉంటుంది, అదే అడిగి తీసుకో.

ఇంకో మాట. బెల్లం ఎప్పుడూ ముద్దగా వేయకూడదు. పావుగ్లాసు నీళ్లు పోసి కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టు. ఇసుక, చెరకు పిప్పి ఎంత వస్తాయో నువ్వే చూస్తావు. తీగపాకం రానివ్వకు, చల్లారాక పరమాన్నం గట్టిపడిపోతుంది. ఒక్క పొంగు రాగానే దించెయ్.

గుంటూరు పద్మజ:

మేం పెసరపప్పు కూడా వేయించి వేస్తాం, రుచి ఇంకా బాగుంటుంది. పప్పు, అన్నం ముందే నీళ్లలో మెత్తగా ఉడికించి, బెల్లం కలిపి దగ్గరపడ్డాక ఆఖరున కాచి చల్లార్చిన పాలు పోస్తాం. ఎప్పుడూ విరగలేదు.

అనకాపల్లి పిన్ని:

పద్మజా, అది మంచి పద్ధతే, కాదనను. కానీ పప్పు పడితే మా వైపు దాన్ని పొంగలి అంటాం. రథసప్తమి నాడు పొంగిన పాలల్లోనే బియ్యం పడాలి. ఆ అమ్మాయి అడిగేది అదే.

వంటల బాబాయ్:

నేను రాజమండ్రి చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకీ వ్రతాలకీ వండుతున్నాను. తల్లీ, రెండోసారి దించాక కూడా విరిగిందన్నావు కదా. ఏ గిన్నెలో వండావు? దాన్ని దేంతో తోమావు?

శ్రీకాకుళం ఆడపడుచు:

అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె బాబాయ్ గారూ, లోపల కళాయి పూత ఉంది. పండగని ముందురోజు రాత్రి చింతపండుతో లోపలా బయటా తళతళలాడేలా తోమి బోర్లించాను. పిన్నిగారూ, బెల్లం దీపావళికి కొన్నది, డబ్బాలో అడుగున చెమ్మగానే ఉంది.

వంటల బాబాయ్:

అనుకున్నాను. చింతపండు బయటివైపుకే తల్లీ. లోపల మూల మడతల్లో, అంచు కింద దాని జిడ్డు కొంచెం నిలిచినా చాలు. పాలు అప్పుడే విరక్కపోవచ్చు, విరగడానికి సిద్ధంగా ఉంటాయి. దానికి నీ చెమ్మ బెల్లం తోడైంది. ఒక వ్రతంలో నాకూ ఇలాగే ఆరు లీటర్ల పాలు పోయాయి. ఆ ఇంటివాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి పాలగిన్నె లోపల నేనే కడిగి, నీళ్లు మరిగించి పారబోశాకే పొయ్యి ఎక్కిస్తాను.

పధ్నాలుగు మందికి పావుకిలో బియ్యం, లీటరున్నర పాలు, 350 గ్రాముల బెల్లం చాలు, మిగతా వంటలు కూడా ఉంటాయి కాబట్టి. బియ్యం అరగంట నానబెట్టు. గిన్నెలో ముందు అరగ్లాసు నీళ్లు పోసి తర్వాత పాలు పోస్తే అడుగంటదు. కుంపటి మీద పొంగు రానిచ్చి, మూడు గుప్పిళ్లు బియ్యం నీ చేత్తో వేసి దండం పెట్టుకో. మిగతా బియ్యం వేశాక గ్యాస్ మీదికి మార్చుకో, ఆ మంట మీద అంతా ఉడకాలంటే మధ్యాహ్నం అవుతుంది. సన్నమంట మీద కలుపుతూ ఉండు. మెతుకు వేళ్ల మధ్య నలిగితే వెన్నలా అయిపోవాలి. బెల్లం పడ్డాక బియ్యం ఇక ఉడకదు, గట్టిగా ఉన్న మెతుకు గట్టిగానే ఉండిపోతుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే.

దించి పావుగంట వదిలెయ్. బెల్లం నీళ్లు కూడా వేలు పెడితే ఓర్చుకునేంత చల్లారాలి. అప్పుడు కూడా మొత్తం పోయకు. చిన్న గిన్నెలోకి ఒక గరిటె పరమాన్నం తీసి, చెంచాడు బెల్లం నీళ్లు కలిపి ఐదు నిమిషాలు చూడు. నునుపుగా ఉంటే మిగతాది పోసెయ్. నీరు వదిలిందా, ఆ బెల్లం పక్కన పెట్టి వేరేది తీసుకో. పోయేది ఒక గరిటే. నేను ఇప్పటికీ ప్రతిసారీ ఇలాగే చూస్తాను. బెల్లం కలిపాక మళ్లీ పొయ్యి మీద పెట్టకు. వడ్డించేలోపు గట్టిపడుతుంది కాబట్టి ఒక గ్లాసు పాలు విడిగా కాచి ఉంచుకో, గోరువెచ్చగా పోసి కలుపు. పచ్చకర్పూరం బియ్యపు గింజలో సగం చాలు, ఎక్కువైతే చేదు.

శ్రీకాకుళం ఆడపడుచు (జనవరి 26):

బాబాయ్ గారూ, పిన్నిగారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. రెండు రకాల బెల్లం తెచ్చి ఉంచాను. మొదటిది చిన్న గిన్నెలో నీరు వదిలింది! చేతులు వణికాయి. రెండోది, మా అన్నయ్య ఊరినుంచి పంపిన కొత్త దిమ్మ, ఐదు నిమిషాలు కాదు, భయంతో పది నిమిషాలు చూశాను. చుక్క నీరు లేదు. అదే పోశాను. నేతిలో వేయించిన పలాస జీడిపప్పు, ఎండుకొబ్బరి పలుకులు, ఏలకులు, మీరు చెప్పిన కొలత పచ్చకర్పూరం. గిన్నె లోపల చింతపండు తగలనివ్వలేదు, వేడినీళ్లు మరిగించి పారబోశాను.

చిక్కుడాకులు ఇక్కడ దొరకలేదని కుండీలో అక్టోబరులోనే పాదు పెట్టుకున్నాను, ఏడు ఆకులు అందులోవే. వీడియో కాల్‌లో అమ్మకి గిన్నె చూపిస్తే, దగ్గరగా పెట్టమని అడిగి చాలాసేపు చూసి, "చెరకు ముక్కతోనే కలిపావా" అంది. కలిపానమ్మా అన్నాను.

పక్కింటి మరాఠీ ఆంటీ రెండోసారి పెట్టించుకున్నారు. కొంచెం మిగిలింది. ఫ్రిజ్‌లో పెట్టింది ఇవాళ వేడి చేయాలంటే భయంగా ఉంది. నేరుగా పొయ్యి మీద పెట్టొచ్చా?

అనకాపల్లి పిన్ని:

వద్దమ్మా. వేడినీళ్ల గిన్నెలో ఆ గిన్నె దించి ఉంచు, నెమ్మదిగా వెచ్చబడుతుంది. నాకైతే చల్లగానే ఇష్టం.