ఎస్‌బీఐ ఉంది, ఎల్‌ఐసీ ఉంది, పెద్ద ఫండ్ ఉంది అని షేర్లు కొన్నవాళ్లు ఉన్నారా?

తణుకు_వాసు
ఒక చిన్న కెమికల్ కంపెనీ, పేరు చెప్పను. సెప్టెంబరు క్వార్టర్ షేర్‌హోల్డింగ్ లిస్టులో (ఎవరికెంత వాటా ఉందో చెప్పేది) ఒక పెద్ద మ్యూచువల్ ఫండ్‌కి 2 శాతం పైన కనిపించింది. వాళ్లు అన్నీ చూసుకునే కొని ఉంటారు కదా అని 400 షేర్లు తీసుకున్నా. డిసెంబరు లిస్టు వచ్చేసరికి ఆ ఫండ్ పేరే లేదు. మూడు రోజులుగా లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకి ధర అంతకంటే పడకూడదన్న హద్దు), అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, నిద్ర పట్టడం లేదు. మీరు ఇలా పేరు చూసి కొంటారా? సర్క్యూట్‌లో ఇరుక్కుంటే ఎలా బయటపడ్డారు?

మార్కెట్_మావయ్య
1998 నుంచి మార్కెట్లో ఉన్నా తమ్ముడూ. ఫండ్ పేరు వేరు, ప్రభుత్వ బ్యాంకు వెనక నిలబడటం వేరు. యెస్ బ్యాంక్ గుర్తుందా? 2020 మార్చి 5న మారటోరియం పెట్టారు, ఖాతాలోంచి 50 వేలు మించి తీయనివ్వలేదు. ఎస్‌బీఐ షేరు 10 రూపాయల చొప్పున కొంటోందని ఖాయం కాగానే నేను దిగాను, రెండు రోజుల్లో డబ్బు దాదాపు రెట్టింపయింది. ఎవరు వెనకున్నారో చూడటం నేర్చుకోవాలి.

సీతమ్మధార_కిరణ్
ఒక్క నిమిషం. అప్పుడు 75 శాతం షేర్లు మూడేళ్లపాటు లాక్ చేశారు, వంద లోపు ఉన్నవాళ్లకే మినహాయింపు. మరి మీరెలా అమ్మారు? ఇలాంటివి చదివే కొత్తవాళ్లు డబ్బు పెట్టి పోగొట్టుకుంటున్నారు.

మార్కెట్_మావయ్య
లాక్ మార్చి 13 నాటికి షేర్లున్నవాళ్లకి. నేను 16న, సోమవారం కొన్నా. తెలియకపోతే అడుగు, అంతేగానీ నన్ను అబద్ధాలకోరుని చేయకు.

అమీర్‌పేట_రవి
పేరు చూసి కొనడం అంటే హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఎవరికైనా సత్యం కంప్యూటర్స్ కంపెనీయే గుర్తొస్తుంది. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి అవార్డు ఇచ్చారు, ఆడిటర్లేమో ప్రపంచంలో పేరున్న సంస్థ. డిసెంబరు 16న ఛైర్మన్ రామలింగరాజు గారి కుటుంబ కంపెనీలు మేటాస్ కొంటామని ప్రకటిస్తే పెద్ద ఇన్వెస్టర్లు గోల చేశారు, గంటల్లో వెనక్కి తీసుకున్నారు. అంటే వాళ్లు నోరు తెరిస్తే కంపెనీ వింటుంది. మనం ఎంత అరిచినా ఎవరు వింటారు? జనవరి 7న లెక్కలు తప్పని ఒప్పుకుంటూ రాజు గారి లేఖ వచ్చిన రోజు 179 దగ్గరున్న షేరు 40కి పడింది.

సీతమ్మధార_కిరణ్
మావయ్య గారూ, సరే, 16నే కొన్నారనుకుందాం. అప్పుడు పాత షేర్లలో ముప్పావు వంతు అమ్మడానికి వీల్లేదు, మార్కెట్లోకి వచ్చే సరుకే తక్కువ, అందుకే అంత ఎగిరింది. అంతా ఎస్‌బీఐ మీద నమ్మకమే అయితే జులైలో యెస్ బ్యాంక్ ఎఫ్‌పీఓ (జనానికి మళ్లీ అమ్మిన కొత్త షేర్లు) 12 రూపాయలకి ఎందుకు వచ్చింది? ఎస్‌బీఐ వచ్చింది డిపాజిట్‌దారుల కోసం. 8,415 కోట్ల ఏటీ-1 బాండ్లు (బ్యాంకు మునిగేలా ఉంటే రద్దు చేసేయగలిగేవి) సున్నా చేసేశారు, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే అనుకుని కొన్న పెద్దవాళ్లు ఉన్నారు అందులో. దాన్ని విజయగాథలా చెప్తుంటే కడుపు మండుతోంది.

మార్కెట్_మావయ్య
బాండ్ల సంగతి నేనెత్తానా? 2025లో జపాన్ బ్యాంకు ఎస్‌ఎంబీసీకి ఎస్‌బీఐ యెస్ బ్యాంక్‌లో తన వాటాలో సగం పైన 21.50కి అమ్మింది. పదికి కొని ఇరవై ఒకటిన్నరకి. ఓపికగా ఉన్నవాడు గెలిచాడు.

సీతమ్మధార_కిరణ్
ఎస్‌బీఐ గెలిచింది. ఆ మార్చిలో మీలాంటివాళ్లని చూసి 60కి కొన్నవాడు గెలిచాడా?

గుంటూరు_సునీత
ఎల్‌ఐసీ సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2022లో 949కి వచ్చింది, పాలసీదారులకి 60 తగ్గించి 889. మొదటి రోజే 875 దగ్గర ముగిసింది, 2023 మార్చిలో 550 కిందకి కూడా పోయింది, మళ్లీ 949 కనబడేసరికి 2024. మా అమ్మలాంటివాళ్లు దాన్ని షేరనుకోలేదు, ఇంకో పాలసీ అనుకున్నారు. పాలసీ సొమ్ముకి ప్రభుత్వ హామీ చట్టంలోనే ఉంది, షేరు ధరకి ఏ హామీ లేదు. ఆ తేడా చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మ ఇంకా ఉంచుకుంది. అన్నట్టు, ఆవిడ డీమ్యాట్‌లో నామినీ లేరు, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

నెల్లూరు_శ్రీను
పెట్టొచ్చండీ, ఓటీపీతో అయిపోతుంది.

తణుకు_వాసు
అన్నా, నా ప్రశ్న ఎవరైనా చూస్తారా? ఈరోజు కూడా సర్క్యూటే.

నెల్లూరు_శ్రీను
వాసూ, రాత్రే ఏఎంఓ (మార్కెట్ మూసాక పెట్టే ఆర్డరు) పెట్టు, సరిగ్గా లోయర్ సర్క్యూట్ ధరకే. ఒకే ధర దగ్గర ముందొచ్చిన ఆర్డరుదే ముందు వంతు, 9:15కి పెడితే క్యూలో వెనకుంటావు. కొంచెం ఎక్కువ వస్తుందేమోనని పైధరకి పెట్టకు, నేను అదే చేసి ఇంకో నాలుగు రోజులు ఇరుక్కున్నా. ఇంకోటి, ఆ షేర్‌హోల్డింగ్ లిస్టు క్వార్టర్ ముగిశాక 21 రోజుల దాకా రావచ్చు. నువ్వు చూసే రోజుకి ఫండ్ సగం అమ్మేసి ఉండొచ్చు. ఫండ్ నెలవారీ పోర్ట్‌ఫోలియో వాళ్ల సైట్‌లో పెడతారు, అది చూడాల్సింది.

తణుకు_వాసు
రాత్రి పెట్టా. పొద్దున 150 పోయాయి. మిగతా 250 ఉన్నాయి, మళ్లీ పెడతా. థాంక్స్ శ్రీను అన్నా.

మార్కెట్_మావయ్య
కిరణ్, 16వ తేదీ కాంట్రాక్ట్ నోటు (కొన్నట్టు బ్రోకరు ఇచ్చే రసీదు) దొరికింది. సాయంత్రం పెడతా, చూసి మాట్లాడు.