సింగపూర్‌లో ఆరుగురం కలిసి హొక్కియెన్ భోజనం: ఏం చెప్పాలి, ఎలా తినాలి?

చింతచిగురు
వచ్చే శనివారం రాత్రి ఆరుగురు స్నేహితులం సింగపూర్‌లో అచ్చమైన హొక్కియెన్ వంటలు తిందామనుకుంటున్నాం. ఇద్దరు పూర్తి శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. ఒకరు పంది మాంసం తినరు. ఒకరికి వేరుశనగ పడదు. మిగతా ఇద్దరికి ఏదైనా సరే. హాకర్ సెంటర్ (చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకేచోట ఉండేది) మేలా, రెస్టారెంట్ మేలా? ఎన్ని ప్లేట్లు చెప్పాలి? మెనూ చూస్తే ఒక్క ముక్క అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

తెలోక్‌ఆయర్
ముందు మెనూ సంగతి చూద్దాం. చైనాలో ఫుజియన్ రాష్ట్రపు దక్షిణ భాగం, అంటే షియామెన్, జాంగ్‌జౌ, చ్వాన్‌జౌ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళ భాషా వంటా హొక్కియెన్. సింగపూర్ చైనీయుల్లో అందరికంటే ఎక్కువమంది వీళ్ళే. వంటకం పేరులోనే సరుకు పేరు ఉంటుంది కాబట్టి పది మాటలు వస్తే సగం మెనూ తెలిసినట్టే.

బాక్ అంటే మాంసం. ఏ మాంసమో విడిగా చెప్పలేదంటే అది పంది మాంసమే. హే అంటే రొయ్య, హూ చేప, కే కోడి, ఆ బాతు, ఓ ఆయిస్టర్. మీ అంటే గోధుమ నూడుల్స్, బీ హూన్ అంటే బియ్యపు సేమియా. తావ్‌తో మొదలైతే సోయా లాంటి గింజలతో చేసినది. చా అంటే వేపుడు, లోర్ అంటే సోయా సాస్‌లో మగ్గబెట్టినది.

ఒక్క మాట దగ్గర మాత్రం మనవాళ్ళు తరచూ పొరబడతారు. చాయ్ అంటే కూరగాయ అని నేర్చుకుని 'చాయ్ తావ్ క్వే' శాకాహారం అనుకుంటారు. చాయ్ తావ్ అంటే ముల్లంగి. ముల్లంగీ బియ్యప్పిండీ కలిపి ఉడికించిన ముక్కల్ని గుడ్డు కొట్టి వేయిస్తారు, చాలాచోట్ల పంది కొవ్వులోనే. పైగా అది తియోచూ అనే మరో చైనా వర్గం వాళ్ళ వంటకం. గోమాంసం గురించి మాత్రం పెద్దగా బెంగ అక్కర్లేదు. గ్వాన్యిన్ దేవతను కొలిచే ఇళ్ళలో చాలామంది అది తినరు, ఇక్కడి హొక్కియెన్ వంటల్లో అది కనబడేది తక్కువే.

ఏకాదశి
శాకాహారుల విషయంలో మొహమాటపడకండి. హొక్కియెన్ వంట రుచంతా స్టాక్‌లో ఉంటుంది. ఆ స్టాక్ రొయ్య తలలూ పంది ఎముకలూ మరగబెట్టి తీసినది. 'మాంసం వెయ్యొద్దు' అంటే పైన ముక్కలు తీసేసి ఇస్తారు, కింది రసం అదే ఉంటుంది. వంటవాడు మోసం చేసినట్టు కాదు, అక్కడ మాంసం అంటే ముక్క అనే అర్థం.

అందుకని 'గ్వా చియా చాయ్' (నేను శాకాహారిని) అనండి. కుర్రవాళ్ళుంటే మాండరిన్‌లో 'వో ఛీ సూ' అనండి. ఇలా చెబితే బౌద్ధుల పద్ధతి శాకాహారం అని అర్థమవుతుంది, స్టాక్ సంగతి కూడా వాళ్ళకే తడుతుంది. 'నో పోర్క్ నో లార్డ్' (పంది మాంసం, పంది కొవ్వు లేవు) అన్న బోర్డు చూసి శాకాహారం అనుకోవద్దు. హలాల్ అనీ అనుకోవద్దు, దానికి విడిగా సర్టిఫికెట్ ఉంటుంది.

చాలా హాకర్ సెంటర్లలో బౌద్ధ శాకాహార స్టాల్ ఒకటి ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. కొన్నిచోట్ల గుడ్డు వాడతారు, అదొక్కటి అడగండి. ఈ ఇద్దరి భోజనం అక్కడ తీసుకుని అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. శాకాహార స్టాళ్ళు కొన్ని సాయంత్రానికే మూసేస్తాయి, వెళ్ళేముందు వేళలు చూసుకోండి.

వక్కమట్ట
హొక్కియెన్ మీ లేకుండా ఈ భోజనం లేదు. అయితే ఒకే పేరుతో మూడు ఊళ్ళలో మూడు వంటకాలున్నాయి. కౌలాలంపూర్‌లో చెబితే లావు నూడుల్స్ నల్ల సోయా సాస్‌లో బొగ్గుల మంట మీద వేయించి ఇస్తారు. పెనాంగ్‌లో ఎర్రగా కారంగా రొయ్యల సూపు వస్తుంది, సింగపూర్‌లో దాని దగ్గరి చుట్టం పేరు హే మీ. సింగపూర్ హొక్కియెన్ మీ తెల్లగా, తడిగా ఉంటుంది.

పసుపుపచ్చ గోధుమ నూడుల్స్, లావు తెల్ల బీ హూన్ రెండూ కలిపి గుడ్డుతో బాగా వేడెక్కిన మూకుట్లో వేయిస్తారు. తర్వాత గరిటెలతో స్టాక్ పోసి మూత పెడతారు. నూడుల్స్ ఆ రసం పీల్చుకున్నాక మూత తీసి మళ్ళీ పోస్తారు. రుచి అంతా ఈ రెండు మూడు విడతల్లోనే ఉంది. తొందరపడి ఒకేసారి పోస్తే నూడుల్స్ విడిగా, నీళ్ళు విడిగా ఉంటాయి. ప్లేటు వంచి చూస్తే తెలిసిపోతుంది: రసం చిక్కగా నూడుల్స్‌ని పట్టుకుని కదలాలి, పలచగా జారకూడదు.

పక్కన సంబల్ అనే మిరప ముద్ద, చిన్న కాలమాన్సీ నిమ్మకాయ ఇస్తారు. సంబల్ మొత్తం కలిపేస్తే రొయ్య రుచి పోతుంది. ప్లేటు అంచున ఉంచుకుని ముద్దముద్దకీ కాస్త అద్దుకోండి. నిమ్మకాయ మాత్రం మొదటే పిండాలి, కొవ్వు జిడ్డు విరుగుతుంది. సంబల్‌లో రొయ్యల ముద్ద ఉంటుంది, శాకాహారులకు అందించకండి. పంది మాంసం తిననివారికి ఈ వంటకం వద్దు. ముక్కలు ఏరేసినా స్టాక్‌లో, వేయించిన కొవ్వులో అదే ఉంది.

మంచి స్టాల్‌లో ఒక్కో వాయికి కొన్ని ప్లేట్లే వండుతారు, అరగంట పట్టొచ్చు. కాబట్టి అన్నిటికంటే ముందు దీనికి ఆర్డర్ ఇవ్వండి. కొన్నిచోట్ల వక్కమట్ట మీద పెట్టి ఇస్తారు, మన పోకమట్ట ప్లేట్లలాంటిదే. వేడి తగలగానే ఆకు వాసన పైకొస్తుంది. పార్సిల్ మాత్రం వద్దు, ఇంటికి చేరేసరికి రసమంతా పీల్చుకుని ముద్దైపోతుంది.

పూతరేకు
స్నేహితులతో వెళ్తున్నారు కాబట్టి పోపియా (పల్చని గోధుమ రేకులో కూర పెట్టి చుట్టేది) మన చేత్తో చుట్టుకునే రెస్టారెంటుకే వెళ్ళండి. ఆరుగురికి 15 రేకులు సరిపోతాయి.

రేకు తయారీ చూడదగ్గది. జారుడుగా ఉన్న గోధుమపిండి ముద్దని వంటవాడు అరచేతిలో ఊపుతూ ఉంటాడు, ఊపు ఆపితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. వేడి పెనం మీద ఆ ముద్దని ఒక్కసారి గుండ్రంగా రాసి పైకి లాగుతాడు. పెనానికి పల్చని పొర అంటుకుని, కొన్ని క్షణాల్లో అంచులు పైకి లేస్తాయి. ఒలిచి తీస్తాడు. పూతరేకంత పల్చగా ఉండదు, విరగదు, మెత్తగా వంగుతుంది.

లోపల పెట్టే కూర బాంగ్‌క్వాంగ్ దుంపది. బెంగాలీలు శాంకాలు అంటారే, ఆ తెల్ల దుంప. సన్నగా తరిగి గంటలకొద్దీ మగ్గబెడతారు, అందుకే నీరు ఊరుతూనే ఉంటుంది. రేకు చిరగడానికి మొదటి కారణం ఆ నీరే.

చుట్టే వరస: రేకు మీద ముందు లెట్యూస్ ఆకు పరవండి. తీపి సాస్, కారం, వెల్లుల్లి ముద్ద ఆ ఆకు మీదే రాయండి, రేకు మీద కాదు. గిన్నె అంచుకి గరిటె అదిమి నీరు పిండేసి, రెండు పెద్ద చెంచాల కూర పెట్టండి. దాని మీద మొలకలు, గుడ్డు, రొయ్యలు, చివర్న వేరుశనగ పొడి. కింది అంచు మడిచి, రెండు పక్కలా లోపలికి మడిచి, బిగించి చుట్టండి. చుట్టింది చుట్టినట్టే తినెయ్యాలి, అయిదు నిమిషాలాగితే అడుగు చిరుగుతుంది. మిగతా రేకుల మీద తడిబట్ట కప్పే ఉంచండి, ఆరితే పెళుసెక్కి మడత దగ్గర విరుగుతాయి.

కూరలో ఎండు రొయ్యలు, చాలాచోట్ల పంది మాంసం కూడా కలిపి మగ్గబెడతారు. శాకాహారులకు విడిగా వండగలరా అని రెండు రోజుల ముందే ఫోన్ చేసి అడగండి. అప్పటికప్పుడు అయ్యే పని కాదు.

తెలోక్‌ఆయర్
@పూతరేకు షియామెన్ పద్ధతిలో వేయించిన సముద్రపు నాచు పొడి కూడా చల్లుతారు. నీరు పీల్చుకుని రేకుని కాపాడేది అదే. ఇక్కడ పెట్టేచోట్లు తక్కువ, కనబడితే వదలొద్దు.

వేరుశనగ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. హాకర్ స్టాల్‌లో పోపియాలన్నీ ఒకే చెక్క మీద చుడతారు, దాని నిండా వేరుశనగ పొడే. 'వేరుశనగ వద్దు' అంటే చల్లరు గానీ చెక్క మీదున్నది అంటుకుంటుంది. రెస్టారెంట్‌లో పొడి వేరే గిన్నెలో వస్తుంది కానీ చెంచాలు కలిసిపోతాయి. పడనివారికి మొదటి రేకులు, మొదటి కూర విడిగా తీసి పెట్టేసి, ఆ తర్వాతే పొడి గిన్నె తెరవండి. ఎండు చేపలు, రొయ్యలతో చేసే సాచా సాస్‌లోనూ వేరుశనగ ఉండొచ్చు. వేయించే నూనె ఏదో అడగండి. డాక్టరు రాసిచ్చిన మందు జేబులో ఉండాలి.

చింతచిగురు
చాలా థాంక్స్ అండీ. బాక్ కుట్ తే కూడా చెబుదామా? అది టీనా?

మిరియాలు
పేరుకి మాంసం, ఎముక, టీ అని అర్థం. ఈ పంది ఎముకల సూపులో మాత్రం టీ ఆకు ఉండదు, టీ పక్కన తాగుతారు. సింగపూర్‌లో ఎక్కువగా దొరికేది తియోచూ పద్ధతి: తేట రసం, మిరియాల ఘాటు, పొట్టుతో సహా వెల్లుల్లి. మన మిరియాల చారు అలవాటున్న నోటికి తేలిగ్గా నచ్చుతుంది. హొక్కియెన్ పద్ధతి మలేషియాలోని క్లాంగ్‌ది: నల్లగా, సోయా సాస్‌తో, దాల్చినచెక్క, అనాసపువ్వు, చైనా మూలికలతో. క్లాంగ్‌లో పొడిగా చేసే రకంలో ఎండు స్క్విడ్, ఎండుమిర్చితో పాటు బెండకాయలు కూడా వేస్తారు. 2024 ఫిబ్రవరిలో మలేషియా బాక్ కుట్ తేని జాతీయ వారసత్వ వంటకాల జాబితాలో చేర్చింది.

మీరు హొక్కియెన్ కోసమే వెళ్తుంటే మూలికల రకం ఉందో లేదో అడిగి చెప్పండి. చాలాచోట్ల రసం అడిగితే మళ్ళీ పోస్తారు. టీ అయితే తియ్‌గ్వాన్యిన్ చెప్పండి, ఫుజియన్‌లోని ఆన్‌షీదే. మొదట పోసిన వేడినీళ్ళు పారబోసి రెండోసారి పోసినవి తాగాలి.

లెక్కలమాస్టారు
రెస్టారెంట్ మెనూలో ధర పక్కన ++ ఉంటే 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద 9 శాతం జీఎస్టీ. 100 డాలర్ల తిండి 119.90 అవుతుంది. కూర్చోగానే బల్ల మీద పెట్టే తడి టిష్యూలు, వేరుశనగలు, ఊరగాయలు ఉచితం కాదు, వద్దంటే తీసుకెళ్తారు. మీ వాళ్ళలో ఒకరికి పడదు కాబట్టి ఆ వేరుశనగల గిన్నె బల్ల మీద పెట్టకముందే వెనక్కి పంపండి. హాకర్ సెంటర్‌లో సర్వీస్ ఛార్జి లేదు కానీ తిన్న ట్రేలు మనమే తీసి పెట్టాలి, 2021 సెప్టెంబరు నుంచి అది తప్పనిసరి.

చింతచిగురు
అయితే రెస్టారెంటే. ఆర్డర్ ఇలా అనుకుంటున్నాం: పోపియా 15 రేకులు, న్‌గో హియాంగ్, కోంగ్ బాక్ పావ్, ఆయిస్టర్ ఆమ్లెట్, బాక్ కుట్ తే, హొక్కియెన్ మీ పెద్దది, శాకాహారులకు విడిగా పోపియా కూర, తోఫు, ఆకుకూర. చివర్లో ఏదైనా తీపి.

పూతరేకు
ఎక్కువైంది. మాంసం తినేది నలుగురే, అందులో ఒకరు పంది మాంసం తినరు. న్‌గో హియాంగ్ అంటే పంది మాంసమూ రొయ్యలూ పంచమసాలాతో కలిపి సోయా పాల మీగడ రేకులో చుట్టి వేయించినది. కోంగ్ బాక్ పావ్ అంటే సోయాలో మగ్గబెట్టిన కొవ్వు మాంసం బన్నులో పెట్టినది. బాక్ కుట్ తే కూడా పందే. మూడూ అక్కర్లేదు, కోంగ్ బాక్ పావ్ ఒక్కటి ఉంచండి, బన్నుల లెక్కన ఇస్తారు కాబట్టి మూడు చాలు. మిగిలిన ఒకరికి ఆవిరి మీద ఉడికించిన చేప చెప్పండి. హొక్కియెన్ మీ చిన్న ప్లేటు చాలు.

ఆయిస్టర్ ఆమ్లెట్ చిలగడదుంప పిండితో చేస్తారు. వేడిగా ఉన్నప్పుడు అంచులు కరకరలాడతాయి, నడుమ మెత్తగా సాగుతుంది. చల్లారితే రబ్బరే. పోపియా చుట్టడంలో చేతులు తీరికలేకుండా ఉన్నప్పుడు అది వస్తే పాడైనట్టే, రేకులు అయిపోయాక తెమ్మనండి. వేయించేది పంది కొవ్వులో కాదు కదా అని అడిగే చెప్పండి.

ఏకాదశి
తీపికి ఆంగ్ కూ క్వే తీసుకోండి. తాబేలు ఆకారంలో ఎర్రగా ఉంటుంది. పైన జిగురు బియ్యప్పిండి, లోపల పొట్టు తీసిన పెసరపప్పు ఉడికించి చక్కెరతో మెదిపిన పూర్ణం. మన పూర్ణం బూరెలు తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. గుడ్డు ఉండదు, పైన రాసే నూనె ఏదో అడిగితే చాలు. రెస్టారెంట్‌లో దొరక్కపోవచ్చు, క్వే (ఇలాంటి పిండి పలహారాలు) అమ్మే దుకాణంలో మధ్యాహ్నమే కొని ఉంచుకోండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గట్టిపడుతుంది. ఆ రోజే తినెయ్యాలి.

వీటిలో వేరుశనగ పూర్ణం రకం కూడా ఉంటుంది, రెండూ ఒకే చోట ఆవిరి పెడతారు. పడని స్నేహితుడికి పెసర రకం కూడా పెట్టకండి, ఆయనకి కోసిన పళ్ళు తెప్పించండి.