కాపర్ సల్ఫేట్‌ల ఫెయిలైన దాతకు నిజంగ రక్తం తక్కువేనా? థీసిస్ డిజైన్ చూసి చెప్పండి

పాలమూరు_పీజీ:
సార్లకు, మేడమ్‌లకు నమస్తే. ఐహెచ్‌బీటీ (రక్తమార్పిడి వైద్యం) ఎండీ మొదటి ఏడు, సినాప్సిస్ (థీసిస్ ప్లాన్) ఇయ్యాలె. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, దేవరకొండ దిక్కు ఎండాకాలం క్యాంపుల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములు లేదని ఆపేసిన దాతల్లో నిజంగ తక్కువున్నోళ్లు ఎందరు, కాపర్ సల్ఫేట్ తప్పుగ ఆపింది ఎందరిని, ఇదీ అంశం. (కాపర్ సల్ఫేట్ పరీక్షంటే వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను ఆ ద్రావణంల వేసుడు; మునిగితే పాస్, తేలితే ఫెయిల్.) ఫెయిలైనోళ్లందరికీ సిర నుంచి 2 ఎంఎల్ ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనియ్యనిది) ట్యూబుల తీసి సెల్ కౌంటర్ (హిమోగ్లోబిన్ కొలిచే ల్యాబ్ మిషన్) మీద పెట్టాలని అనుకుంటున్న. సరిపోతదా? ఎంతమంది కావాలె? 40 దాటిన ఎండల ద్రావణం మీద ఏం ప్రభావం పడతది?

హైడ్రోమీటర్:
ముందు ద్రావణం సంగతి తేల్చుకో తమ్మీ. లేకుంటే నువ్వు కొలిచేది దాత రక్తాన్ని కాదు, సీసాను.

12.5 గ్రాములకు సరిపడే విశిష్ట సాంద్రత (నీళ్లతోటి పోలిస్తే ఎన్నింతల సాంద్రత) 1.053. స్టాక్‌కు 170 గ్రాముల కాపర్ సల్ఫేట్ పలుకులు లీటరు డిస్టిల్డ్ వాటర్‌ల కరిగిస్తే సుమారు 1.100 వస్తది. దాంట్ల 52 ఎంఎల్ తీసుకొని నీళ్లతోటి 100కు నింపాలె. లెక్క ఎంత కరెక్టుగున్నా ఆఖరి మాట హైడ్రోమీటర్‌దే (సాంద్రత కొలిచే పరికరం). దాని మీద ఏ ఉష్ణోగ్రత రాసుందో ద్రావణం ఆ వేడి మీద ఉన్నప్పుడే చూడాలె.

ఎండ రెండు దిక్కుల గుంజుతది. సీసా మూత తీసి టేబుల్ మీద పెడితే నీళ్లు ఆవిరైతయి, ద్రావణం చిక్కబడ్తది, మంచిగున్నోళ్ల చుక్క కూడా తేలుతది. ఇది తప్పుడు ఫెయిల్. మూత పెట్టి ఉంచినా టెంట్ కింద ద్రావణం కాగితే పలచబడ్తది. 25 డిగ్రీల నీళ్లు 40కి పోతేనే సాంద్రత 0.005 దాకా దిగుతది. 1.053 దగ్గర అది చిన్న తేడా కాదు. అప్పుడు 12 ఉన్నోళ్ల చుక్క కూడా మునగొచ్చు, అది తప్పుడు పాస్. పొద్దున ఒకతీరు, మధ్యాహ్నం ఒకతీరు ఫలితాలొస్తే జనంల రక్తం మారిందనుకోకు. గంట గంటకు ద్రావణం ఉష్ణోగ్రత, సాంద్రత ఒక కాలమ్‌ల రాయి. నన్నడిగితే నీ థీసిస్‌ల అసలు సరుకు ఆ కాలమే.

ఒక్కో సీసాల 30 ఎంఎల్, 25 మందికి మించి వాడొద్దు. వాడినకొద్దీ సాంద్రత మారుతది.

వెయిన్‌ఫ్లో:
డాక్టర్ గారూ, మీ డిజైన్‌లో పెద్ద చిల్లు ఉంది. ఫెయిలైనవాళ్లకే సిరరక్తం తీస్తే, ఆపినవాళ్లలో ఎందరికి నిజంగా తక్కువుందో తెలుస్తుంది, అంతే. పాసైనవాళ్లలో రక్తం తక్కువున్నా దాటిపోయినవాళ్లు మీకు కనబడరు. హైడ్రోమీటర్ గారు చెప్పిన తప్పుడు పాస్ ఉన్నదే అక్కడ, దాతకు నష్టం చేసేదీ అదే. సెన్సిటివిటీ (నిజంగా తక్కువున్నవాళ్లలో పరీక్ష ఎందరిని పట్టింది), స్పెసిఫిసిటీ (సరిపడా ఉన్నవాళ్లలో ఎందరిని పాస్ చేసింది) రాయాలంటే రెండు గుంపుల నుంచీ శాంపిల్ కావాలి.

సైజు: సెన్సిటివిటీ 90 శాతం ఉంటుందని, 5 శాతం అటూఇటూ, 95 శాతం నమ్మకంతో అనుకుంటే 3.84 × 0.9 × 0.1 ÷ 0.0025, అంటే 139 మంది. కానీ ఈ 139 అందరూ నిజంగా 12.5 కన్నా తక్కువున్నవాళ్లు కావాలి. వచ్చినవాళ్లలో అలాంటివాళ్లు పదోవంతు అయితే మొత్తం 1390 మందిని చూడాలి. ఇక్కడే చాలామంది 139 అని రాసేసి కమిటీ ముందు ఇరుక్కుంటారు. అంత భారం మోయలేకపోతే ఫెయిలైనవాళ్లందరినీ, పాసైనవాళ్లలో లాటరీ పద్ధతిలో అయిదుగురికి ఒకరినీ తీసుకుని, విశ్లేషణలో ఆ ఒకరికి అయిదింతల బరువు ఇవ్వండి. గణాంకాల సార్‌తో ఈ ముచ్చట డేటా మొదలుపెట్టకముందే కావాలి.

సెల్ కౌంటర్ నడిపేవాళ్లకు కాపర్ సల్ఫేట్ ఫలితం తెలియకూడదు. పక్కన డిజిటల్ హిమోగ్లోబిన్ మీటర్ కూడా పెడితే కోరిలేషన్ 0.9 వచ్చిందని సంబరపడొద్దు. ఎప్పుడూ 0.8 గ్రాము ఎక్కువ చూపించే మీటర్‌కు కూడా అంత కోరిలేషన్ వస్తుంది. బ్లాండ్-ఆల్ట్‌మన్ గ్రాఫ్ (రెండు కొలతల మధ్య తేడాను చూపేది) వేయండి. పాసైనవాళ్లకు వేరే సూది అక్కర్లేదు, బ్యాగుకున్న డైవర్షన్ పౌచ్ (దానంలో తొలి రక్తం పట్టే చిన్న సంచి) నుంచి తీసుకుంటే సరిపోతుంది.

ఎర్రచుక్క:
మేడమ్, పౌచ్ మాట దగ్గర ఒక మెలిక ఉంది. పాసైన దాత మంచం మీద పండుకున్నంక పౌచ్ నిండుతది. ఫెయిలైనాయన కుర్చీల కూసొని ఇస్తడు. మనిషి పండుకుంటే ప్లాస్మా రక్తనాళాల్లకు మళ్లొచ్చి హిమోగ్లోబిన్ కాస్త దిగుతది. పాసైనోళ్ల రీడింగులన్నీ ఊరికెనే కిందికొస్తయి, లేని తప్పుడు పాస్‌లు పుట్టుకొస్తయి. అందుకే ఫెయిలైనోళ్లను కూడా అదే మంచం మీద అన్ని నిమిషాలే పండబెట్టి తీయాలె, టైమ్ రాయాలె.

పౌచ్ లేని బ్యాగు నుంచి మాత్రం శాంపిల్ తీయకు. 350 ఎంఎల్ బ్యాగుల 49 ఎంఎల్ సీపీడీఏ (రక్తం గడ్డకట్టకుండ నిల్వ ఉంచే ద్రావణం) ఉంటది. అది కలిసిన రక్తంల 13 ఉన్నది 11.4 అయి కూసుంటది.

ఇగ వేలు దగ్గర. స్పిరిట్ పూర్తిగ ఆరినంకనే పొడవాలె. తొలి చుక్క తుడిచెయ్యాలె. వేలును పిసికితే కణజాలపు నీరు కలుస్తది, చుక్క తేలుతది. ద్రావణం మీదికి ఒక సెంటీమీటర్ ఎత్తు నుంచి గాలి బుడగ లేకుండ వదలాలె, 15 సెకన్లు చూడాలె. దిగి, నడుమ ఆగి, మళ్లీ పైకొస్తే అది ఫెయిల్. నలుగురు టెక్నీషియన్లు నాలుగు తీర్ల వేలు పట్టుకుంటే ఆ తేడా మొత్తం నీ లెక్కలల్ల కలుస్తది. క్యాంపులు షురూ చేసే ముందు ఒకే దాత రక్తాన్ని అందరితోటి వేయించి చూడు.

పాలమూరు_పీజీ:
చాలా థ్యాంక్స్. రెండు గుంపులు తీసుకుంట, అందరినీ పండబెట్టే తీస్త. ఒక్క అనుమానం. ఫెయిలైన దాతకు దానం ఎట్లాగు లేదు, మరి సూది వేయడానికి ఒప్పుకుంటరా?

వెయిన్‌ఫ్లో:
అందుకే వాళ్ల సమ్మతి పత్రం విడిగా ఉండాలి, తెలుగులో ఉండాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదం రాకముందు ఒక్క ట్యూబు కూడా తీయొద్దు. సెల్ కౌంటర్ రిపోర్టు వాళ్లకు తిరిగి ఇస్తామని పత్రంలోనే రాయండి. రిపోర్టు చేతికొస్తుందంటే చాలామంది ఒప్పుకుంటారు. ఊరందరి ముందు "నీకు రక్తం లేదు" అని మాత్రం అనొద్దు, ముఖ్యంగా ఆడవాళ్లతో. మళ్లీ క్యాంపు మొహం చూడరు.

హైడ్రోమీటర్:
ట్యూబు తీయంగనే మెల్లగ ఎనిమిది పదిసార్లు తిప్పు, ఊపకు. కూల్ బాక్స్‌ల పెట్టు గనీ ఐస్‌కు ఆనించకు. కారు డిక్కీల పడేసి సాయంత్రం మహబూబ్‌నగర్ తెచ్చినవంటే ఇంత చేసిందంతా మట్టిపాలు.