ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలలు: కొత్తవాళ్ళు ఏది ముందు చదవాలి, ఏది తర్వాత?

కావలి కాలవ

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు వాళ్ళం తొమ్మిది మందిమి కలిసి నెలకొక నవల చదవాలనుకుంటున్నాం. అందరం సాంఘిక నవలలు, డిటెక్టివ్‌లు చదివినవాళ్ళమే. నలుగురికి ఇంగ్లీషు నవల అలవాటే, మిగతా ఐదుగురికి తెలుగే సుఖం. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ మొదలుపెడదామంటే నెట్‌లో 'తప్పక చదవాల్సిన వంద' అని జాబితాలు కనపడతాయి గానీ ఏది ముందు పట్టుకోవాలో ఎవరూ చెప్పరు. మొదటి ఆరు నెలలకి ఏవి, ఏ వరసలో? సగంలో వదిలేసేది ఎక్కడ? సిరీస్ అయితే ఎన్నో పుస్తకం దగ్గర ఆపినా నష్టం లేదు? 300 పేజీలు దాటకపోతే మేలు.

పెన్నా గట్టు

అన్నా, ముందు ఒక్క మాట. ఫ్రాంక్ హెర్బర్ట్ సైన్స్ ఫిక్షన్ నవల 'డ్యూన్'తో మాత్రం మొదలుపెట్టొద్దు. జాబితాలన్నిట్లో పైనే ఉంటుంది, గొప్ప నవలే, కానీ మొదటి వంద పేజీల్లో కొత్త మాటలు కుప్పగా మీద పడతాయి. పుస్తకం చివర పదకోశం ఉంది కదా అని ప్రతి మాటకీ వెనక్కి తిప్పుతూ పోతే కథ చెయ్యి జారిపోతుంది. అది రెండో ఏడాదికి పెట్టుకోండి. అప్పుడు కూడా పదకోశం జోలికి పోకుండా వంద పేజీలు చదివేస్తే, సగం మాటలు వాటంతటవే తెలుస్తాయి.

ఇంగ్లీషు చదివే నలుగురికీ నా మొదటి ఓటు ఆర్థర్ సి. క్లార్క్ 1973లో రాసిన 'రాండెవూ విత్ రామా'కి. కథ 2131లో జరుగుతుంది. గ్రీకు, రోమన్ దేవుళ్ళ పేర్లన్నీ అయిపోయి ఖగోళ శాస్త్రవేత్తలు మన దేవుళ్ళ పేర్లలోకి వచ్చేశారు కాబట్టి, కొత్తగా కనపడ్డ వస్తువుకి రామా అని పెట్టారు. దగ్గరికి పోయి చూస్తే అది 50 కిలోమీటర్ల పొడవున్న గొట్టం. లోపలి వెడల్పు 16 కిలోమీటర్లు. నాలుగు నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది.

ఇక్కడే చాలామంది తికమకపడి వదిలేస్తారు. చదివేముందు ఒక బొమ్మ గీసుకోండి. పప్పుల డబ్బాని అడ్డంగా పడేసి దొర్లిస్తున్నట్టు అనుకోండి. లోపలి గోడే నేల. అక్కడ నిలబడినవాడికి నెత్తిమీద 16 కిలోమీటర్ల ఎత్తున అవతలి నేల తలకిందులుగా కనపడుతుంది. నడిమి ఇరుసు దగ్గర బరువే ఉండదు, మెట్లు దిగేకొద్దీ బరువు పెరుగుతుంది. లెక్క కడితే, భూమ్మీద 60 కిలోలు తూగే మనిషి అక్కడ నేల మీద 34 కిలోలకి దగ్గరగా తూగుతాడు. ఈ బొమ్మ మనసులో నిలిస్తే మిగతా పుస్తకం రెండు రోజుల పని, అధ్యాయాలు అంత చిన్నవి. మనుషుల గుణగణాలు లోతుగా ఉండవు, ప్రశ్నలన్నిటికీ జవాబులూ రావు. ఆ సంగతి అందరికీ ముందే చెప్పండి. 1989 నుంచి వచ్చిన తరువాయి భాగాలు గెంట్రీ లీతో కలిసి రాసినవి, వాటి తీరే వేరు. మొదటిదానితో ఆపండి, ఏమీ పోదు.

రెండోది అసిమోవ్ 'ఫౌండేషన్' (1951). ఇది చూడటానికి నవలే గానీ ఐదు కథల దండ. మొదటి కథలో ఒక మనిషి మీద మనసు పెట్టుకునేసరికి, రెండో కథ యాభై ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. 'ఆయన ఏమైపోయాడు' అని వెతుక్కునేవాళ్ళే విసుగుపడి ఆపేస్తారు. ఒక్కో కథనీ విడిగా చదివి, మర్నాడు రెండోది పట్టుకోవాలి. యుద్ధాలు ఎక్కువగా తెరవెనక జరుగుతాయి, మన ముందు జరిగేది మాటల యుద్ధం. అచ్చయిన వరసలోనే చదవండి: 1951, 1952, 1953లో వచ్చిన మూడూ. కథాకాలం ప్రకారం ముందుదని 1988లో వచ్చిన 'ప్రిలూడ్'తో మొదలుపెడితే, మెల్లగా బయటపడాల్సిన రహస్యాలు ముందే తెలిసిపోతాయి.

ఫాంటసీలో ఉర్సులా లె గ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968). రెండు వందల పేజీల లోపు. దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది, అదే అందులో మంత్రం. ఉపదేశం పొందిన మంత్రాన్ని పైకి చెప్పకూడదని పెరిగిన మనవాళ్ళకి ఇది ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. దీవుల పేర్లు చాలా ఉంటాయి, ముందున్న పటం దగ్గర ఒక చీటీ పెట్టుకోండి.

గుండ్లకమ్మ

తొమ్మిదిలో ఐదుగురికి తెలుగే సుఖమన్నప్పుడు మొదటి రెండు నెలలైనా తెలుగుకే ఇవ్వాలండీ. ఫాంటసీ మనకి బయటి సరుకు కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ళు పన్నెండు. మొదటిది 'తోకచుక్క', 1954 నాటిది. పత్రికలో ఆయన పేరు వేసేవాళ్ళు కాదు, అందుకే కథలు కంఠతా వచ్చినవాళ్ళకి కూడా రాసిందెవరో తెలియదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మొదటిసారికి 'యక్షపర్వతం' గానీ 'శిథిలాలయం' గానీ. ఒకదాంట్లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. రెండోదాంట్లో శిఖిముఖి, విక్రమకేసరి. జోడీ ఎందుకంటే, ఒకడు ఆపదలో చిక్కితే కథ రెండోవాడి వెంట నడుస్తుంది, మనకి రెండువైపులా ఆదుర్దా ఉంటుంది. వీటిని ఒకే బిగిన చదవడమే అందరూ చేసే పొరపాటు. ఇవి నెలకొక భాగం చొప్పున రాసినవి, ప్రతి భాగమూ ఒక గండం దగ్గర ఆగుతుంది. వరసగా పది భాగాలు చదివితే గండం మీద గండం వచ్చి, భయం పోయి విసుగు మిగులుతుంది. రోజుకి రెండు భాగాలు చాలు.

విశ్వనాథ సత్యనారాయణ అనగానే భారీ పుస్తకాలే గుర్తొస్తాయి గానీ, చిన్నవి రెండున్నాయి. 'హాహాహూహూ'లో గుర్రం ముఖం గల గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, మన నెల్లూరి తిక్కన సోమయాజి ఇంగ్లీషు నేర్చుకోవడానికి రచయిత దగ్గరికి వస్తారు. భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసినాయన ఇంగ్లీషు స్పెల్లింగుల గురించి నిలదీస్తుంటే ఆ భాషలోని తికమక కొత్తగా కనపడుతుంది. ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకుంటే మిగతాదంతా తర్కంతో నడవడమే మంచి ఫాంటసీకి గుర్తు. ఆ రెంటిలోనూ అది ఉంది. పన్నెండు నవలల పురాణవైర గ్రంథమాల మాత్రం ఇప్పుడే వద్దు.

యండమూరి 'తులసిదళం' చకచకా చదివిస్తుంది, కానీ అది క్షుద్రవిద్యల కథ, బాధలు పడేది చిన్నపిల్ల. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళకి ముందే చెప్పండి. మీరడిగిన సైన్స్ ఫిక్షన్ దారికి ఆయనదే 'యుగాంతం' దగ్గర.

పాత పత్రికలు చూడాలంటే వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, 1918 నాటిది. 2022 నుంచి బాపట్ల జిల్లా కింద ఉంది. కావలసిన సీరియల్ పేరుతో పాటు నెల, సంవత్సరం రాసుకుని వెళ్ళండి.

కావలి కాలవ

చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. 'ద మార్షియన్' ఇంటర్ పిల్లలకి ఇవ్వొచ్చా? శ్రీహరికోట మా పక్కనే కదా, రాకెట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఏది బాగుంటుంది?

మైపాడు అల

ఆండీ వీర్ రాసిన 'మార్షియన్' అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయినవాడి కథ. ఇంగ్లీషు తేలిక, డైరీలాగా ఉంటుంది. కానీ మొదటి వాక్యంలోనే బూతు ఉంది. బూతులు తీసేసిన క్లాస్‌రూమ్ ఎడిషన్ విడిగా దొరుకుతుంది, పిల్లలకి అదే తెప్పించండి. ఒక తప్పు కూడా వాళ్ళకి చూపించండి: కథని మొదలుపెట్టే తుఫాను అక్కడ రాదు. అంగారకుడి మీద గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు, అంత పల్చటి గాలి మనిషిని ఎత్తి పడేయలేదు. మిగతా చోట్ల మాత్రం బంగాళదుంపల పెంపకం దగ్గర్నుంచి రచయిత లెక్కలు శ్రద్ధగా వేశాడు. తన దగ్గరున్న కేలరీలు ఎన్ని రోజులకి వస్తాయో కథానాయకుడు కట్టే లెక్కని పిల్లల చేత కాగితం మీద మళ్ళీ చేయించండి, నవల రుచి అందులోనే ఉంది.

రాకెట్ల వాళ్ళకి క్లార్క్‌దే 'ద ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్' (1979). భూమ్మీద నుంచి 36,000 కిలోమీటర్ల ఎత్తులో, ఉపగ్రహం భూమితో పాటు తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టుండే భూస్థిర కక్ష్య దాకా లిఫ్ట్ కట్టే ఇంజనీరు కథ. అలాంటి లిఫ్ట్ భూమధ్యరేఖ మీదే నిలుస్తుంది, అందుకని క్లార్క్ శ్రీలంకని 800 కిలోమీటర్లు దక్షిణానికి జరిపి తాప్రొబేన్ అనే దాని పాత గ్రీకు పేరు పెట్టుకున్నాడు. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకి, అంటే ధ్రువాల మీదుగా తిరిగే దారికి వెళ్ళే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ అదే శ్రీలంక మీదుగా పోకూడదని మధ్యలో దారి వంచుకుంటుంది, దానికి అదనంగా ఇంధనం ఖర్చు. ఆ వంపుని పటం మీద ఒకసారి గీసి చూసి, తర్వాత పుస్తకం తెరవండి. మధ్యమధ్య రెండు వేల ఏళ్ళ నాటి రాజు కథ వస్తుంది, దాన్ని దాటేయొద్దు. లిఫ్ట్ కట్టాల్సిన కొండ మీద బౌద్ధారామం ఎందుకు అడ్డమైందో అక్కడి నుంచే తెలుస్తుంది.