నవంబర్ 14: ఉయెనో పిల్లల గ్రంథాలయానికి వెళ్దాం (వాలంటీర్ల చర్చ)

సమన్వయం

టోక్యోలోని మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఈసారి నవంబర్ 14 శనివారం పడింది. మన దేశంలో అది బాలల దినోత్సవం, గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేదీ ఆ రోజే. అందుకే ఈ ఏడాది హాలు అద్దెకు తీసుకుని ఫ్యాన్సీ డ్రెస్ పోటీలు పెట్టే బదులు, పిల్లల్ని ఉయెనోలో ఉన్న అంతర్జాతీయ బాల సాహిత్య గ్రంథాలయానికి తీసుకెళ్దామని అనుకున్నాం. మొన్న శనివారం నేనూ మా చిన్నదీ ముందుగా వెళ్లి చూసొచ్చాం. చూసింది చూసినట్టు రాస్తున్నాను, కొంచెం పెద్ద మెసేజ్, ఓపిగ్గా చదవండి. పనులు ఆ తర్వాత పంచుకుందాం.

బయటి నుంచి చూస్తే అది పిల్లల గ్రంథాలయమని అస్సలు అనిపించదు. యూరప్‌లో ఏదో పాత కోర్టు భవనంలా ఉంటుంది. తెల్లటి మెరుపు ఇటుకలు, పొడవాటి కిటికీలు, వాటి మీద కమానులు. 1906లో జపాన్ సామ్రాజ్య గ్రంథాలయంగా తెరిచారు. అప్పట్లో వాళ్లు తలపెట్టింది ఇంతకంటే చాలా పెద్ద భవనం. డబ్బు చాలలేదు, పైగా రష్యాతో యుద్ధం నడిచిన రోజులవి. అనుకున్నదాంట్లో ఒక పక్క మాత్రమే లేచింది. 1929లో ఇంకొంత కలిపారు, అంతే, మిగతాది కాగితం మీదే ఉండిపోయింది. మనం చూసేది సగంలో ఆగిన కల అని తెలిశాక నాకు ఆ గోడల మీద ఇంకా మమకారం పెరిగింది. పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇది జాతీయ పార్లమెంటు గ్రంథాలయానికి ఉయెనో శాఖ అయింది. 2000లో పిల్లల కోసం మార్చి కొంత భాగం తెరిచారు, 2002లో మొత్తం తెరిచారు. ఆ మార్పు పనిలో ఆర్కిటెక్ట్ తదావో ఆందో పాలు పంచుకున్నారు. పాత గోడల్ని కూల్చకుండా, భవనంలోకి ఏటవాలుగా ఒక గాజుపెట్టె దూర్చినట్టు ప్రవేశద్వారం పెట్టారు. భవనం కింద భూకంపం తాకిడి తగ్గించే రబ్బరు దిమ్మలు కూడా అమర్చారు. వందేళ్ల ఇటుకల్ని కదలకుండా నిలబెట్టి కింద ఇంత పని చేయడమంటే మాటలా! 2015లో వెనక వైపు వంపు తిరిగిన కొత్త భవనం కూడా వచ్చింది.

ఇక నాకు బాగా నచ్చిన చోటు మెట్లు. కింది నుంచి పైకప్పు దాకా దాదాపు 20 మీటర్ల ఎత్తు ఖాళీ, పోత ఇనుము రెయిలింగ్. ఆ రెయిలింగ్ ఇప్పటి లెక్కకు తక్కువ ఎత్తు, పిల్లలు వంగితే ప్రమాదం. అలాగని పాతది పీకేయలేదు, దాని పక్కనే ఎత్తుగా గాజు పలకలు నిలబెట్టారు. చెయ్యి పెడితే ఒక వైపు చల్లటి ఇనుము, ఇంకో వైపు గాజు. అక్కడే ఒక పాత తలుపు మీద హిరగానాలో (పిల్లలు ముందుగా నేర్చుకునే జపనీస్ లిపి) "ఒసుతో అకు" అని ఉంటుంది, అంటే తోస్తే తెరుచుకుంటుందని. మా చిన్నది ఒకటో తరగతి, కాంజీలు (చైనా నుంచి వచ్చిన కష్టమైన అక్షరాలు) ఇంకా అంతంత మాత్రమే. ఆ తలుపు ముందు ఆగి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. వందేళ్ల కిందటి మాట తనకే అర్థమైందని దాని ముఖం వెలిగిపోయింది. నాకు గొంతు పట్టేసినట్టయింది, నిజంగా.

అందుకే నా కోరిక ఒక్కటే. ప్రతి పిల్లాడికీ, పిల్లకీ ఆ మెట్ల దగ్గర ఆగే సమయం ఉండాలి, కింది గదిలో ఒక పుస్తకం తీసి కూర్చునే సమయం ఉండాలి. అందర్నీ ఒకేసారి తోసుకుపోవద్దు.

ఒక తండ్రి

అక్కా, ఆలోచన చాలా బాగుంది. ఒక్క మాట. 14న కొంతమందికి బళ్లో కార్యక్రమాలు ఉంటాయేమో. నవంబర్ 23 సోమవారం సెలవు కదా, వరసగా మూడు రోజులు కలిసొస్తాయి. ఆ రోజు పెట్టుకోకూడదా?

సమన్వయం

తమ్ముడూ, సోమవారాలు అది మూసి ఉంటుంది. జాతీయ సెలవు దినాల్లోనూ మూసేస్తారు, ఒక్క మే 5 బాలల పండుగ రోజు తప్ప. అంటే 23న రెండు విధాలా మూతే. 3వ తేదీ సంస్కృతి దినోత్సవం కూడా అంతే. నెలలో మూడో బుధవారం కూడా సెలవు. కాబట్టి 14 శనివారమే మనకు దిక్కు. ఉదయం 9:30కి తెరుస్తారు, సాయంత్రం 5కి మూస్తారు. టికెట్ లేదు, ప్రవేశం ఉచితం.

రవాణా

నిషి కసాయ్ వాళ్లందరికీ: తోజాయ్ మెట్రో లైన్ ఎక్కి కయాబాచోలో దిగి హిబియా లైన్ పట్టుకుంటే నేరుగా ఉయెనో. నిహొంబాషిలో గింజా లైన్ మారినా సరే. స్ట్రోలర్లు ఉన్నవాళ్లు ముందు లిఫ్ట్ ఎక్కడుందో చూసుకోండి, స్టేషన్లో వెతుక్కుంటూ తిరిగితే పావుగంట పోతుంది. అందరం జేఆర్ (జపాన్ రైల్వే) ఉయెనో స్టేషన్ పార్క్ గేటు బయట కలుద్దాం, ఉదయం 9:40కి. అక్కడి నుంచి నడక పది నిమిషాలు. పిల్లలతో అయితే ఇరవై అనుకోండి.

సమన్వయం

దారి నేను చెప్తాను. గేటు ఎదురుగా కుడి వైపు కనిపించేది పాశ్చాత్య కళల మ్యూజియం, ఆర్కిటెక్ట్ లె కొర్బూజియే గీసిన భవనం. దాన్ని దాటి ఫౌంటెన్ వైపు నడిచి, పెద్ద జాతీయ మ్యూజియం ముందు ఎడమకు తిరిగి, ఆ ప్రహరీ మూల దగ్గర చిత్రకారుడు కురోదా స్మారక భవనం దాటితే వచ్చేసినట్టే. ఆ మలుపులోనే పాత కేసెయ్ రైలు స్టేషను భవనం ఉంది, 1933 నాటిది, చిన్న గుడిలా ఉంటుంది. 1997 నుంచి అక్కడ రైళ్లు ఆగడం లేదు. గ్రంథాలయం ముందు తోటలో లాఫ్కాడియో హెర్న్ స్మారకం ఉంది. జపాన్ దెయ్యాల కథల్ని ఇంగ్లీషులో రాసి ప్రపంచానికి చెప్పింది ఆయనే. లోపలికి వెళ్లే వంతు కోసం ఆగిన పిల్లలకు అక్కడ ఒక కథ చెప్పొచ్చు. ఎవరు చెప్తారు?

తెలుగు బడి టీచర్

నేను చెప్తాను వదినా. ఇంకో ఆలోచన. పిల్లలు ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక తెలుగు కథల పుస్తకం తెచ్చుకుంటే, భోజనాలయ్యాక పార్కులో చెట్ల కింద కూర్చుని చదివిద్దాం. అలాగే మన గ్రంథాలయాల సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. ఈ భవనం తెరవడానికి ఐదేళ్ల ముందే, 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. ఇక్కడ ప్రభుత్వం పెద్ద భవనం కడుతుంటే అక్కడ మనవాళ్లు చందాలు వేసుకుని పుస్తకాలు పోగేశారు. రెండూ గొప్పవే. పిల్లలకు రెండూ తెలియాలి.

భోజనాలు

మా నాన్నగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు, ఆయనది వేటపాలెం. 1918లో పెట్టిన సారస్వత నికేతనంలో చిన్నప్పుడు రోజూ సాయంత్రం పేపరు చదివేవారట. అక్కడ పాత పత్రికల కట్టలు ఎలా దాచేవారో ఆయన చెప్తే పిల్లలు వింటారు. మైకు అక్కర్లేదు, ఆయన గొంతు పెద్దదే.

భోజనం విషయం: పులిహోర, పెరుగన్నం, ఆలూ వేపుడు. కూరలు, సాంబారు వద్దు, ఒలికితే కష్టం. ఎవరి డబ్బా వాళ్లదే. లోపల ఎక్కడా తినకూడదు, తినడం పార్కులోనే. పార్కులో చెత్త డబ్బాలు దొరకడం కష్టం, అరిటాకు ముక్క దగ్గర్నుంచి అన్నీ ఇంటికే తెచ్చుకోవాలి. ప్రతి గుంపుకీ ఒక చెత్త సంచి నేను ఇస్తాను.

ఫొటోలు

మన సంఘం బ్యానరు పట్టుకుని మెట్ల మీద అందరం ఒక గ్రూపు ఫొటో దిగితే బాగుంటుంది కదా అక్కా? ఆ వెలుతురు చూస్తే ఎంత బాగా వస్తుందో.

సమన్వయం

నీ ఉత్సాహం అర్థమైంది, కానీ లోపల బ్యానరు వద్దు. గ్రూపు ఫొటో బయట తోటలో, భవనం మొత్తం వెనక కనపడేలా తీద్దాం. లోపల ఎక్కడ తీయొచ్చో ముందు కౌంటర్లో అడగాలి. చదువుకుంటున్న వేరే పిల్లల ముఖాలు అస్సలు పడకూడదు.

పోయినేడు ఒక మ్యూజియంలో ఏమైందో గుర్తుందిగా. యాభై మందిమి ఒకేసారి లోపలికి వెళ్లాం. అక్కడి ఆవిడ మూడుసార్లు వచ్చి మెల్లగా మాట్లాడమని చెప్పింది. సగం మంది పిల్లలు ఏమీ చూడకుండానే బయటికొచ్చారు. నాకు ఆ రోజు చాలా బాధేసింది, తప్పు మనదే. ఈసారి అలా జరగనివ్వను.

ఇప్పటికి 32 మంది పిల్లల పేర్లు వచ్చాయి. ఎనిమిది మందికి ఒక గుంపు, ఒక్కో గుంపుతో ఇద్దరు పెద్దలు. మొదటి గుంపు పది గంటలకు, ఆ తర్వాత నలభై ఐదు నిమిషాలకు ఒకటి. వేచి ఉన్నవాళ్లు తోటలో కథ వింటారు. కింది అంతస్తులో పిల్లల గదికి ముందు వెళ్లాలి. ఆ గదిలో పైకప్పు మొత్తం వెలుగుతుంది, చేతి నీడ పుస్తకం మీద పడదు. పిల్లలతో ఒకసారి చెయ్యి అడ్డం పెట్టించి చూపించండి. పక్కనే ప్రపంచ దేశాల పుస్తకాల గది, ఒకప్పుడు పెద్దపెద్ద అతిథులు కూర్చునేదట. కింద చెక్క ముక్కలు కూర్చిన నేల చూడండి, ఎంత ఓపికో. ఆ తర్వాత మెట్లెక్కి మూడో అంతస్తు. అక్కడ గాజు వసారాలో నిలబడితే పాత బయటి గోడ ఇటుకలు చేతికందే దూరంలో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు లిఫ్ట్ ఉంది.

ఒక తల్లి

మా బాబుకి మూడేళ్లు, ఒక చోట కూర్చోడు. తీసుకురావచ్చా? అందరికీ ఇబ్బంది అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమన్వయం

తప్పకుండా తీసుకురామ్మా. అది పిల్లల కోసమే ఉన్న చోటు. చివరి గుంపులో పెడతాను, విసిగితే వెంటనే తోటలోకి తీసుకెళ్లొచ్చు, నేను తోడుంటాను.

సోమవారం వాళ్లకు సెలవు కాబట్టి మంగళవారం పొద్దున గ్రంథాలయానికి ఫోన్ చేసి, ఇంతమంది పిల్లలతో విడివిడిగా వస్తున్నామని చెప్తాను. జపనీస్ బాగా మాట్లాడేవాళ్లు ఒకరు నా పక్కన ఉంటే మేలు. గుంపులకు ఇంకా ముగ్గురు పెద్దలు కావాలి, ఒకరికైనా ఫస్ట్ ఎయిడ్ తెలిసి ఉండాలి.

రవాణా

ఫోన్ నేను చేస్తాను అక్కా, మీరు చెప్పాల్సినవి రాసి పెట్టండి. రెండో గుంపులో నా పేరు వేయండి.

భోజనాలు

మా నాన్నగారు ఆ "తోస్తే తెరుచుకునే తలుపు" తనకీ చూపించమంటున్నారు. ఆయన్ని మొదటి గుంపులో వేయండి వదినా. పులిహోర ఎన్ని డబ్బాలో ఆదివారం రాత్రికల్లా చెప్పండి, చింతపండు నానబెట్టాలి.