వయసు మీరిన ప్రత్యర్థి జట్టు సెప్టెంబరులో నిలుస్తుందా? అంచనా ఎలా వేయాలి?

బేస్‌బాల్ లెక్కలు తెలిసినవారు సాయం చేయగలరు. ముదురు ఆటగాళ్ల జట్టు ఆఖరి నెలలో చతికిలపడుతుందని చాలామంది తేల్చేస్తారు. 1983 ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌లో పీట్ రోజ్‌కు 42, టోనీ పెరెజ్‌కు 41, జో మోర్గాన్‌కు ఆ సెప్టెంబరులోనే 40 నిండాయి. అయినా 90 గెలుపులతో, పిట్స్‌బర్గ్ కంటే 6 ఆటలు ముందుండి డివిజన్ (లీగ్‌లోని తమ విభాగం) గెలిచి, తర్వాత డాడ్జర్స్ జట్టును ఓడించి పెనెంట్ (లీగ్ టైటిల్) కూడా పట్టుకుపోయారు. ఆ ఏడు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్న వాళ్ల పిచర్ జాన్ డెన్నీకి 30 ఏళ్లే. అందుకే సగటు వయసు మోసం చేస్తుందని నా నమ్మకం. బరువు ఎవరి భుజం మీద ఉందో చూడాలి.

163 (సీజన్‌లోని 162 ఆటలకు ఒకటి కలిపి) లోంచి ముందున్న జట్టు గెలుపులు, వెనకున్న జట్టు ఓటములు తీసేస్తే వచ్చే మ్యాజిక్ నంబర్, అంటే టైటిల్ ఖాయం కావడానికి ఇంకా కావలసిన మన గెలుపులు, వాళ్ల ఓటముల మొత్తం, అందరికీ తెలిసిందే. అది అలసటను చెప్పదు.

37 ఏళ్లు దాటిన స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) విషయంలో దేన్ని ముందు చూడాలి: ఫాస్ట్‌బాల్ వేగం తగ్గడమా, ఒకే ఆటలో బ్యాటర్లు మూడోసారి ఎదురైనప్పుడు తినే దెబ్బలా? అతనికి ఆటల మధ్య నాలుగు రోజుల విశ్రాంతికి బదులు ఐదు ఇస్తే తేడా ఎంత? సెప్టెంబరు 1 నుంచి జట్టు 28 మందికి పెరుగుతుంది కదా, ఆ ఇద్దరు అదనపు ఆటగాళ్లు ముసలి క్యాచర్‌ను నిజంగా కాపాడగలరా? డబుల్‌హెడర్లకు (ఒకే రోజు రెండు ఆటలు) అంచనాలో ఎంత కోత వేయాలి?