కాలనీ సీసీ కెమెరాలకు ఇంటికి రెండు వేలు: ఇవ్వాలా, వద్దా?

నాలుగో గేటు: మనది హైదరాబాద్ శివారు కాలనీ. పోలీసుల ‘నేను సైతం’ (జనం చందాలతో కెమెరాలు పెట్టించే కార్యక్రమం) కింద 16 కెమెరాలు పెట్టిద్దామని అసోసియేషన్ ఇంటికి రెండు వేలు అడుగుతోంది. నేను ఇస్తున్నా. మీరేమంటారు?

పాత పల్సర్: దండగ. నా బండి పోయినప్పుడు మూలమీద కెమెరా ఉంది కదా అని వెళ్లి అడిగా. డీవీఆర్‌లో, అదే రికార్డింగ్ పెట్టెలో, హార్డ్ డిస్క్ పోయి నాలుగు నెలలైందట.

నాలుగో గేటు: ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం 30 రోజుల రికార్డింగ్ దాచాలి.

పాత పల్సర్: ఆ చట్టం వంద మందికి పైగా చేరే షాపులకు, ఆస్పత్రులకు, గుళ్లకు. వీధి కెమెరాలకు మనమిచ్చేది చందా. డిస్క్ మార్చే బాధ్యత ఎవరిది? అది చెప్పండి ముందు.

ఉప్పల్ బాబాయ్: బంజారాహిల్స్‌లో 2022లో పోలీసులు కెమెరాలన్నీ ఒకచోట చూసే కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు కదా, వాళ్లు చూసుకుంటారు.

పాత పల్సర్: మన డీవీఆర్‌కు అక్కడికి కనెక్షన్ లేదు బాబాయ్. డిస్క్ ఎవరు మారుస్తారు?

నాలుగో గేటు: డిస్క్, డిస్క్! పోయిన నెల మా అమ్మ మెడలో గొలుసు తెంచుకుపోయారు. గీరుకున్న గాయం ఇంకా మానలేదు. కెమెరా వద్దనేవాళ్లకే ఏదో దాచుకునేది ఉంటుంది.

మూడో అంతస్తు: ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను అద్దెకుంటున్న నర్సుని. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఐదింటికి వస్తా. డిస్క్ పోయినా ఆ మూలమీద కెమెరా లైవ్ వస్తోంది. మానిటర్ ఒక కమిటీ సభ్యుడి హాల్లో, టీవీ పక్కనే ఉంది. "రోజూ నిన్ను దింపేదెవరమ్మా?" అని ఆయన భార్య మెట్ల మీద నిలబెట్టి అడిగింది. నన్ను దింపేది ఆటో అతను.

నాలుగో గేటు: కోపంలో అన్నానమ్మా, తప్పే. కానీ మా అమ్మ ఇప్పుడు కూరగాయలకు కూడా ఒంటరిగా వెళ్లడం లేదు. కెమెరాలు మాత్రం వద్దనకండి.

మూడో అంతస్తు: నేను వద్దనలేదండీ. మానిటర్ ఇంట్లోంచి తీసేయండి. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో రాసి పెట్టండి. ఫుటేజీ ఎవరు చూసినా, ఎందుకు చూశారో రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఇవన్నీ మీటింగ్‌లో అడుగుదామంటే అద్దెవాళ్లకు ఓటే లేదు.

కమిటీ మెంబర్: ఓటు ఓనర్లకే. బైలాలో అలాగే ఉంది.

పాత పల్సర్: అయితే రెండు వేలు కూడా ఓనర్లనే అడగండి.